నాకు ఫుల్ కంట్రోల్ ఉన్నా ‘అనుమతి లేదు’ అంటోంది, ఏం చేయాలి?

కార్డుల షాపు: నమస్కారం అండీ. మాది పెళ్లి కార్డుల డీటీపీ షాపు, విండోస్ 10. నిన్నటి నుంచి పాత లేఅవుట్ ప్రోగ్రామ్‌లో చేసిన కార్డుని డాక్యుమెంట్స్‌లో సేవ్ చేయబోతే అనుమతి లేదంటోంది. నేనే అడ్మిన్. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ చూస్తే నా పేరు ఎదురుగా అన్ని టిక్కులూ ఉన్నాయి. నోట్‌ప్యాడ్ ఫైలు మాత్రం అదే ఫోల్డర్లో సేవ్ అవుతోంది! ఎవరీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయమని పక్కషాపు అతను చెప్తే ఇచ్చాను కూడా, ఏం మారలేదు. ఎల్లుండికి కార్డులు ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

నెట్‌వర్క్ పని: నోట్‌ప్యాడ్ సంగతి రాసి మంచి పని చేశారండీ, గుట్టు అక్కడే ఉంది. ఫోల్డర్ పర్మిషన్లు చూసేది అకౌంట్‌ని. మీ రెండు ప్రోగ్రాములూ నడిచేది ఒకే లాగిన్‌లో. ఒకదానికి ఒప్పుకొని ఇంకోదాన్ని ఆపుతోందంటే కాపలా వేరే చోట ఉంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో కింద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) ప్రొటెక్షన్ చూడండి. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందా? 2017లో 1709 వెర్షన్‌తో వచ్చిన సౌకర్యం ఇది. తనకు నమ్మకం లేని ప్రోగ్రాములను డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో రాయనివ్వదు. రుజువు కావాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆపరేషనల్ లాగ్‌లో 1123 నంబరు వెతకండి, ఇది ఒక ప్రోగ్రామ్‌ని ఆపినప్పుడు పడే నంబరు.

కోడ్ రాసేవాణ్ణి: నాకు ఇంకో రకం తగిలింది. ఒక లాగ్ ఫైలు డిలీట్ చేశాను. అయినా ఫోల్డర్లో కనిపిస్తోంది, తెరవబోతే యాక్సెస్ డినైడ్. ఓనర్ ఎవరో కూడా చూపించలేదు. వేరే ప్రోగ్రామ్ ఆ ఫైలుని ఇంకా పట్టుకునే ఉంది. అది వదిలేదాకా డిలీట్ పూర్తికాదు, ఈలోగా ఎవరు అడిగినా ఇదే జవాబు. రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్‌కి వెళ్లి, అసోసియేటెడ్ హ్యాండిల్స్‌లో ఫైలు పేరు కొట్టాను. దొరికింది, ఆ ప్రోగ్రామ్ మూయగానే ఫైలు మాయం. ఓనర్‌షిప్ మార్చాలని గంటసేపు కుస్తీ పట్టానండీ, బాధేసింది.

ఉబుంటు వాడతాను: ఇలాంటి తిప్పలు లినక్స్‌లోనూ ఉంది. పెన్‌డ్రైవ్‌లోని స్క్రిప్టుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ కనిపిస్తున్నా పర్మిషన్ డినైడ్ వస్తే, ఆ డ్రైవ్ నోఎగ్జెక్‌తో (అందులోంచి ఏ ప్రోగ్రామూ నడవనివ్వని సెట్టింగ్) మౌంట్ అయిందేమో, అంటే సిస్టమ్‌కి అలా తగిలించి ఉందేమో ముందు చూడండి. హోమ్ ఫోల్డర్‌కి కాపీ చేసుకుంటే నడుస్తుంది.

కార్డుల షాపు: 1123 ఉందండీ! పక్కనే మా ప్రోగ్రామ్ పేరు. మా అబ్బాయి మొన్న ఆన్ చేశాడట. ఆఫ్ చేసేయనా?

నెట్‌వర్క్ పని: వద్దండీ, కస్టమర్ల ఫైళ్లన్నీ అందులోనే కదా. అక్కడే అలో యాన్ యాప్‌లో, ఈమధ్య బ్లాక్ చేసినవాటి జాబితా నుంచి మీ ప్రోగ్రామ్ ఒక్కదాన్నే చేర్చండి. ఆ ఎవరీవన్‌ని మాత్రం ఈరోజే తీసేయండి. సెక్యూరిటీలో ఎడిట్ నొక్కి, ఎవరీవన్ ఎంచుకుని రిమూవ్ కొట్టాలి.

కార్డుల షాపు: రెండూ చేశాను. కార్డు సేవ్ అయింది, ప్రూఫ్ కూడా పంపేశాను. చాలా థాంక్స్ అండీ.