తొలి పియానో కచేరీ: సగానికి పైగా ట్రాన్స్‌క్రిప్షన్లేనా?

కోనేటిగట్టు:
మొన్న ఆదివారం విజయనగరంలో మన ఊరి అమ్మాయి తొలి పియానో కచేరీ జరిగింది. రాలేకపోయినవాళ్ల కోసం ముందు ఏం వాయించిందో చెప్తాను. షోపాన్ జి మైనర్ బలాడ్, బ్రామ్స్ ఓపస్ 118లో (ఓపస్ అంటే రచన వరస సంఖ్య) రెండో ముక్క. ఆ రెండే పియానో కోసం పుట్టినవి. తర్వాతవన్నీ ట్రాన్స్‌క్రిప్షన్లు, అంటే గొంతుకో వేరే వాద్యానికో రాసినదాన్ని ఇంకొకరు పియానోకి మార్చి రాసినవి. షూబెర్ట్ పాటలు 'ఎర్ల్‌కోనిగ్', 'స్టెండ్షెన్', షూమన్ పాట 'విడ్ముంగ్', ఈ మూడూ పియానో విద్వాంసుడు, స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ మార్చినవి. బాఖ్ ఒంటి ఫిడేలుకు రాసిన షకోన్, బుసోని మార్చినది. జనం అడిగితే కొసరుగా క్రైస్లర్ ఫిడేలు ముక్క ఒకటి, అది రాఖ్మానినొవ్ మార్చినది.

అమ్మాయి చేతి గురించి నాకు పేచీ లేదు, బ్రహ్మాండంగా వాయించింది. పేచీ ముక్కల ఎంపికతోనే. పియానోకే రాసిన పెద్ద రచనలు, బీథోవెన్ సొనాటాలే 32 ఉన్నాయి. షూమన్, షోపాన్, బ్రామ్స్ పియానోకే రాసినవి ఒక జన్మకు సరిపోవు. అవన్నీ పక్కనపెట్టి పరాయి పాటలు దేనికి? అరంగేట్రంలో వర్ణం లేదు, పెద్ద కీర్తన లేదు, వరసగా తిల్లానాలు పాడితే ఏ గురువుగారైనా ఊరుకుంటారా? చప్పట్లు మాత్రం బాగానే పడతాయి. పడ్డాయి కూడా.

ఫిడేలు పక్షం:
ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊళ్లో ఈ ప్రశ్న అడుగుతున్నారా మాస్టారూ! 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పటి నుంచీ ఇక్కడ ఫిడేలు మీద మోగినవి ఏమిటి? గొంతు కోసం కట్టిన కీర్తనలే కదా. త్యాగరాజుగారు ఫిడేలు కోసమని ఒక్కటైనా కట్టారా? వీణ, నాదస్వరం, ఏది తీసుకున్నా అంతే. మన వాద్య సంగీతంలో చాలా భాగం మీ లెక్కన ట్రాన్స్‌క్రిప్షనే.

ఇంకా వెనక్కి వెళ్దాం. ముత్తుస్వామి దీక్షితులుగారు ఇంగ్లీషు బ్యాండు మెట్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటారు. 'సంతతం పాహిమాం' బాణీ అచ్చంగా బ్రిటిష్ రాజగీతం బాణీయే. ఆయన తమ్ముడు బాలుస్వామిగారు తెల్లవాళ్ల ఫిడేలు పట్టుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ఇంటివాళ్లంతా అదే పని చేశారన్నమాట. పరాయి పాట అని వాళ్లెవరూ ముఖం తిప్పుకోలేదు.

కోనేటిగట్టు:
అక్కడే తేడా ఉందండీ. కీర్తన ఫిడేలు మీదకి వస్తే గొంతు చేసిందంతా కమాను చేస్తుంది. గమకం పోదు, సాహిత్యం తెలిసినవాడికి మాటలు కూడా వినిపిస్తాయి. పియానోలో సుత్తి తీగని కొట్టిన మరుక్షణం నుంచి నాదం తగ్గుతూనే ఉంటుంది. సాగదీయలేం, వంచలేం, మధ్యలో పెంచలేం. పాట బతికేదే అలా సాగదీయడం మీద. ఆ లోటు కనపడకుండా లిస్ట్ వెయ్యి స్వరాలు చల్లుతాడు. 'విడ్ముంగ్' సంగతే చూడండి. 1840లో షూమన్ పెళ్లికానుకగా క్లారాకి ఇచ్చిన పాటల్లో మొదటిది అది. గట్టిగా మూడు నిమిషాలు కూడా ఉండదు, చివర మెత్తగా అణిగిపోతుంది. లిస్ట్ దాన్ని పెంచి, ఊరేగింపు చేసి, హాలు దద్దరిల్లేలా ముగించాడు. ఇద్దరి మధ్య మాటని మైకులో చదివినట్టుంది.

ఎడమచెయ్యి:
నేను పియానో నేర్పుతాను. కోనేటిగట్టుగారూ, 'విడ్ముంగ్' విషయంలో మీతో గొడవపడను. నా శిష్యులకి కూడా అది ఆలస్యంగానే ఇస్తాను, ఎందుకంటే చేతకానివాడు వాయించినా బాగున్నట్టే ఉంటుంది. కానీ 'ఎర్ల్‌కోనిగ్'ని అదే గాటన కట్టకండి.

గోథే పద్యం అది. గాలిలో, చీకట్లో తండ్రి కొడుకుని పట్టుకుని గుర్రం మీద పోతుంటాడు. పిల్లాడికి భూతాల రాజు కనిపిస్తాడు. రమ్మంటాడు, ఆశపెడతాడు. తండ్రేమో అది మంచురా, ఎండుటాకుల చప్పుడురా అంటాడు. ఇల్లు చేరేసరికి పిల్లాడు చేతుల్లోనే చనిపోయి ఉంటాడు. కథకుడు, తండ్రి, కొడుకు, భూతం: నాలుగు గొంతులూ ఒక్క గాయకుడివే. షూబెర్ట్ 18 ఏళ్ల వయసులో, 1815లో రాశాడు. పియానోకి గుర్రపు డెక్కలు ఇచ్చాడు. కుడిచెయ్యి ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో మూడేసి దెబ్బలుగా, ఆగకుండా కొడుతూనే ఉండాలి. మణికట్టు మంటెక్కిపోతుంది. షూబెర్ట్ తానే ఒక రూపంలో ఆ దెబ్బల్ని మూడు నుంచి రెండుకి తగ్గించాడంటే ఎంత కష్టమో చూడండి.

లిస్ట్ రూపంలో ఆ డెక్కలూ అదే మనిషి కొట్టాలి, నలుగురి మాటలూ అదే మనిషి పలకాలి. తండ్రి గొంతు కింది స్థాయిలో ఉంటుంది. పిల్లాడు "నాన్నా" అని పిలిచిన ప్రతిసారీ స్వరం మెట్టు పైకెక్కుతుంది. భూతం వచ్చేసరికి మాత్రం తియ్యగా, మెల్లగా మేజర్‌లోకి, అంటే వెలుగుగా వినిపించే స్వరాల వరసలోకి వెళ్తుంది. భయపెట్టేది ఆ తియ్యదనమే. హరికథలో దాసుగారు ఒక్కరే తండ్రీ కొడుకూ రాక్షసుడూ అయ్యే పని ఇది. కాకపోతే మాటలు లేవు, కాలి గజ్జెల పని చేతులే చెయ్యాలి. అమ్మాయి భూతం మాటల్ని నిజంగా మెత్తగా వాయించింది. చాలామంది అక్కడ తొందరపడతారు. తొలి కచేరీలో ఏం తెలియాలో అది నాకు అక్కడ తెలిసింది. ఒక సొనాటా విన్నా ఇంతకంటే ఎక్కువ తెలిసేది కాదు.

పాలకొండ రోడ్డు:
శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చాం, మా పాప పియానో నేర్చుకుంటోందని. మీ శాస్త్రాలు నాకు తెలీవు గానీ, అక్కడ పెట్టింది డిజిటల్ పియానో. దాని సంగతి ఏటీ మాట్లాడరేటండీ? పైన ఫ్యాన్ల హోరు. బ్రామ్స్ ముక్క సగం ఫ్యాన్లే వాయించాయి. పాపకి ఆ ఫాస్టుగా వాయించినవి చూసి టెన్షన్ పట్టుకుంది, "నాన్నా, నేను అలా ఎప్పుడు వాయిస్తాను" అని.

ఎడమచెయ్యి:
పెద్ద గ్రాండ్ పియానో తొమ్మిదడుగులు ఉంటుంది, దాదాపు అర టన్ను బరువు. ఒక్క సాయంత్రం కోసం తెప్పించి, దించి, శ్రుతి చేయించడం ఎవరివల్ల అవుతుందండీ. కానీ మీరన్నది నిజం. పెడల్ తొక్కితే అసలు పియానోలో కొట్టని తీగలు కూడా పలుకుతాయి. డిజిటల్‌లో అది అనుకరణే. ఎక్కువ దెబ్బతిన్నది షకోన్. పాపకి చెప్పండి, ముందు నెమ్మది ముక్కలు వాయించమనండి.

కళాశాల పాత విద్యార్థిని:
ఇద్దరూ వాయించేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను వినేవాళ్ల వైపు నుంచి అడుగుతాను. ఆ హాల్లో 'ఎర్ల్‌కోనిగ్' కథ తెలిసినవాళ్లు ఎంతమంది? నా పక్కన కూర్చున్న పెద్దాయన "గుర్రప్పందెం బాగుంది" అన్నారు. పిల్లాడు చనిపోయాడని ఆయనకి తెలీదు. ఆయన తప్పేముంది, కరపత్రంలో పేరూ, స్వరకర్త పేరూ తప్ప ఇంకేం లేదు.

లిస్ట్ కాలంలో రికార్డుల్లేవు. బీథోవెన్ తొమ్మిది సింఫనీల్నీ పియానోకి మార్చాడంటే, ఆర్కెస్ట్రా లేని ఊళ్లకీ ఆ సంగీతం వెళ్లింది. ఈ రోజు ఆ అవసరం లేదని కొందరంటారు, ఫోన్లో అంతా దొరుకుతుంది కదా అని. నిజమే, కానీ విజయనగరంలో షూబెర్ట్ పాట పాడే గొంతు ఎదురుగా ఎవరు విన్నాం? మనకి ట్రాన్స్‌క్రిప్షన్ ఇంకా అవసరమే. అలాగని పాటని దాచేసి వాయిస్తే ఎలా?

మన కళాశాల మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు ఉమర్ ఖయ్యాం రుబాయీలని తెచ్చిన తీరు చూడండి. పారసీ మూలానికీ, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషుకీ వేరువేరుగా సంస్కృతంలోనూ అచ్చతెలుగులోనూ పద్యాలు కట్టారు. మూలం ఎక్కడుందో, ఇంగ్లీషాయన ఎక్కడ సొంతం కలిపాడో చదివేవాడే చూసుకోవచ్చు. పియానో కచేరీలోనూ అలా చెయ్యొచ్చు. ముందు ఎవరైనా పాట పాడాలి, తర్వాత లిస్ట్ రూపం వాయించాలి. పాడేవాళ్లు దొరక్కపోతే పద్యం భావం తెలుగులో చదవాలి, రెండు నిమిషాలు చాలు. అప్పుడు 'విడ్ముంగ్'లో ఊరేగింపు ఎక్కడ మొదలైందో కోనేటిగట్టుగారు చెప్పక్కర్లేదు, అందరికీ వినిపిస్తుంది.

ఫిడేలు పక్షం:
ఇది బాగుందమ్మా. నేను ఒప్పుకుంటాను. పాడే మనిషిని మీరే వెతకాలి మరి.

కోనేటిగట్టు:
'ఎర్ల్‌కోనిగ్'ని వదిలేస్తాను. షకోన్‌ని వదలను. బాఖ్ నాలుగు తీగల మీద ఒక్క మనిషి చేత పావుగంట నడిపించాడు. చాలాచోట్ల ఒకే తీగ మీద రాగం పోతుంటే మిగతా స్వరాలు వినేవాడే ఊహించుకోవాలి. బుసోని ఆ ఊహకి చోటే లేకుండా పదివేళ్లనిండా స్వరాలు పోసి చర్చి ఆర్గన్ చేశాడు. పైగా అది డిజిటల్ పియానో మీద!

ఎడమచెయ్యి:
దానికి మందు బ్రామ్స్ దగ్గరుంది. అదే షకోన్‌ని ఆయన 1877లో ఎడమచేతికి మాత్రమే మార్చి క్లారా షూమన్‌కి పంపాడు. ఒక్క చెయ్యే కాబట్టి ఫిడేలువాడి ఇరుకు పియానోవాడికీ వస్తుంది, ఒక్కో స్వరం కోసం చెయ్యి అటూ ఇటూ దూకాలి. అదనంగా చల్లడానికి వేళ్లు మిగలవు. అమ్మాయితో మాట్లాడాను. వచ్చేసారి ఆ రూపం వాయిస్తానంది. అదీ ట్రాన్స్‌క్రిప్షనే మరి. కోనేటిగట్టుగారూ, మీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాం, ఫ్యాన్ కింద కాకుండా.

కోనేటిగట్టు:
వస్తాను. ముందు ఒక సొనాటా కూడా పెట్టమనండి, కనీసం ఒక్కటి.