రోథెన్‌బుర్గ్‌లో ఒక రాత్రి ఉండాలా, వెళ్ళి వచ్చేయాలా?

ప్రశ్న (మ్యూనిక్, కొత్త సభ్యుడు)
అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా మ్యూనిక్ వచ్చి కొద్ది నెలలైంది, నా భార్య ఈ మధ్యనే హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చే నెలలో ఒక శని, ఆదివారాలు రోథెన్‌బుర్గ్ అనే పాత కోటగోడల ఊరు చూడాలనుకుంటున్నాం. కారు లేదు. ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రావడం మేలా, అక్కడ ఒక రాత్రి బస చేయడం మేలా అన్నది దయచేసి తెలియజేయగలరు. మేము శాకాహారులం.

జవాబు (న్యూర్న్‌బెర్గ్)
బస సంగతి తరువాత, ముందు టికెట్ సంగతి తేల్చుకోండి. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా ప్రాంతీయ బండ్లలో చెల్లే నెలవారీ టికెట్) ఉన్నా అది మీ ఒక్కరికే చెల్లుతుంది కాబట్టి, మీ శ్రీమతికి దాన్ని విడిగా తీసుకోవాలి. ఈ ఒక్క ప్రయాణం కోసం తీసుకున్నట్లయితే, నెల పదో తేదీలోపు రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది. అందుకే మీకు బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలోని ప్రాంతీయ బండ్లకు ఒక రోజు టికెట్) నయం. ఒకే టికెట్ మీద ఐదుగురి వరకు వెళ్ళవచ్చు. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తరువాతే చెల్లుతుంది కానీ శని, ఆదివారాల్లో ఆ నియమం లేదు. అయితే అది ఒక్క రోజుకే కనుక తిరుగు ప్రయాణానికి మరొకటి కొనాలి. టికెట్ మీద పేర్లు రాయడం మరువకండి. ట్రొయిష్ట్‌లింగెన్, ష్టైనాఖ్ మీదుగా నిదానంగా మూడు గంటలు పడుతుంది.

జవాబు (స్టుట్‌గార్ట్)
టికెట్ కన్నా ముఖ్యమైనది గది. మేము ఆ ఊళ్ళో ఒక చిన్న పెన్షన్‌లో, అంటే అతిథిగృహంలో, గది తీసుకున్నాం. సాయంత్రం ఏడు లోపు రావాలని ఒప్పందంలో ఉంది. ష్టైనాఖ్‌లో మా బండి తప్పిపోయింది. అక్కడి నుంచి రోథెన్‌బుర్గ్ పావుగంట దూరమే అయినా తరువాతి బండి కోసం చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే కూర్చోవలసి వచ్చింది. అక్కడి నుంచే ఫోన్ చేశాం, ఎవరూ ఎత్తలేదు. మేము చేరేసరికి తలుపు మూసి, లోపల దీపం మాత్రం వెలుగుతూ ఉంది. గంట కొట్టగా పైఅంతస్తు కిటికీలోంచి యజమానురాలు చూసి, కార్యాలయ సమయం ముగిసిందని చెప్పి కిటికీ మూసేసింది! చలిలో పెట్టెలు లాక్కుంటూ తిరిగి, రెట్టింపు ధరకు మరో చోట గది తీసుకున్నాం. మరునాడు డబ్బు వాపసు అడిగితే, ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యం కిందే గీత గీసి తిరిగి పంపింది. కాబట్టి తాళంచెవి పెట్టె ఉన్న బసనే ఎంచుకోండి, దాని సంకేతసంఖ్యను ముందుగానే రాతపూర్వకంగా తెప్పించుకోండి. పాస్‌పోర్టులు కూడా తీసుకెళ్ళండి. 2025 నుంచి జర్మన్లకు బసలో నింపే నమోదు పత్రం తీసేశారు కానీ విదేశీయులం కనుక మనకు ఉంది. బండి ఇరవై నిమిషాలు ఆలస్యమయ్యేలా ఉంటే ఐసీఈ అనే వేగపు బండి ఎక్కే హక్కు మీకుంటుంది.

జవాబు (న్యూర్న్‌బెర్గ్)
స్టుట్‌గార్ట్ గారూ, క్షమించాలి, ఆ హక్కు బయర్న్ టికెట్ లాంటి భారీ తగ్గింపు టికెట్లకు వర్తించదు. మీ మాట నమ్మి ఐసీఈ ఎక్కితే టికెట్ లేని ప్రయాణం కింద జరిమానా వేస్తారు.

జవాబు (వుర్జ్‌బుర్గ్)
ఆయన అడిగింది ఉండాలా వద్దా అని కదండీ. తప్పకుండా ఉండండి. పగలంతా బస్సుల్లో దిగిన జనంతో అందరూ ఫొటోలు తీసుకునే ప్లోన్‌లైన్ మూల తిరునాళ్ళలా ఉంటుంది, సాయంత్రానికి వాళ్ళంతా వెళ్ళిపోతారు. రాత్రి ఎనిమిదికి మార్కెట్ కూడలిలో రాత్రి కావలివాడి వేషంలో ఒకాయన ఇంగ్లీషులో ఊరు చూపిస్తాడు, తొమ్మిదిన్నరకు జర్మన్‌లో మరోసారి ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిల్లో ఉండదు. చేతిలో నగదు ఉంచుకోండి. తెల్లవారుతూనే కోటగోడ ఎక్కి నడవండి, దానికి రుసుము లేదు.

జవాబు (రేగెన్స్‌బుర్గ్)
ఆ గోడలో ఎంత భాగం పాతదో కూడా చెప్పండి. 1945 మార్చి 31 నాటి విమానదాడిలో ఊరి తూర్పు భాగం ధ్వంసమైతే, విరాళాలతో తిరిగి కట్టారు. దాతల పేర్లు చెక్కిన రాళ్ళు నడిచేవారికి ఇప్పటికీ కనిపిస్తాయి. నిజమైన పాత ఊరు కావాలంటే మా రేగెన్స్‌బుర్గ్ రండి. యుద్ధంలో పెద్దగా దెబ్బతినలేదు, పన్నెండో శతాబ్దపు రాతి వంతెన ఉంది, 2006లో యునెస్కో జాబితాకెక్కింది, మ్యూనిక్ నుంచి బండి మారే అవసరమే లేదు.

జవాబు (వుర్జ్‌బుర్గ్)
ఎవరి ఊరు వారికి గొప్పే. కానీ బాంబులు పడింది ప్రధానంగా తూర్పు వైపు. రోథెన్‌బుర్గ్ యాకోబ్ చర్చిలో మెట్లెక్కి, శిల్పి రీమెన్‌ష్నైడర్ కొయ్యలో చెక్కిన పవిత్ర రక్త బలిపీఠం చూశారా? కడపటి విందు దృశ్యంలో నడుమ నిలబెట్టింది క్రీస్తును కాదు, ఆయన్ను పట్టించిన యూదాను. అది ఏ యునెస్కో జాబితాకూ తీసిపోదు. దానికే ఒక గంట కేటాయించమని మన కొత్త సభ్యులకు నా సలహా.

జవాబు (న్యూర్న్‌బెర్గ్)
భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు. మాంసం లేదని కేజెష్పెట్స్‌లే (చీజ్ వేసిన నూడుల్స్ లాంటిది) ఇస్తారు, కానీ దాని పిండిలో గుడ్డు కలుపుతారు. ఆ ఊరి ప్రసిద్ధ ష్నీబాలెన్ మిఠాయిలోనూ అంతే. గుడ్డు తినకపోతే ముందే అడగండి, పులిహోర కట్టుకెళ్ళడం మరీ మంచిది. ఆదివారం అక్కడ బొమ్మల దుకాణాలు తెరిచి ఉంటాయి కానీ సూపర్‌మార్కెట్ ఉండదు, పెరుగు, పళ్ళు శనివారమే కొనుక్కోండి.