హీ, షీ, ఇట్ — దస్ ఎస్ ముస్ మిట్: దీన్ని తెలుగులో ఎలా అంటారు?

మొదటి పోస్టు – స్టుట్‌గార్ట్ నుంచి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఆరేళ్ళ నుంచి స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాం. ఒక చిన్న ప్రాస మీద మీ సాయం కావాలి. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి ఆరో తరగతి. ఎదురింటి జర్మన్ అబ్బాయిదీ అదే క్లాసు. వారానికి రెండు సాయంత్రాలు మా వంటింటి బల్ల దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి ఇంగ్లీషు గ్రామర్ చేయిస్తున్నా. వాడికి ఇంట్లో జర్మన్, దీనికి ఇంట్లో తెలుగు. ఇద్దరికీ ఇంగ్లీషు పరాయిదే.

ఇక్కడి స్కూలు పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పే మాట ఒకటుంది: "హీ, షీ, ఇట్ — దస్ ఎస్ ముస్ మిట్." 'దస్ ఎస్' అంటే ఎస్ అనే అక్షరం. 'ముస్' అంటే తప్పనిసరి అని. 'మిట్' అంటే తోడుగా, వెంట. 'రావాలి' అనే క్రియ వాక్యంలో ఎక్కడా లేదు. 'ముస్' లాంటి మాట ఉంటే రావడం, పోవడం లాంటి క్రియల్ని మింగేసినా జర్మన్‌లో చెల్లుతుంది. ఇట్, మిట్ కలిసి అంత్యప్రాస కూడా కుదిరింది. ఏడు మాటల్లో నియమం అయిపోయింది.

అయినా ఎదురింటివాడు నోట్సులో "హీ ప్లే ఫుట్‌బాల్" అనే రాస్తాడు. మొదట్లో అశ్రద్ధ అనుకున్నా. తర్వాత ఒకరోజు వాడి చేతే జర్మన్‌లో ఆ క్రియ రాయించి చూశా. నేను ఆడతాను అంటే ఇష్ ష్పీలె, నువ్వు ఆడతావు అంటే డు ష్పీల్స్ట్, వాడు ఆడతాడు అంటే ఎర్ ష్పీల్ట్, మేము ఆడతాము అంటే వియర్ ష్పీలెన్. ఎవరికి వాళ్ళకి ఒక తోక. అచ్చం మన తాను, తావు, తాడు, తాము లాగే. ఇంగ్లీషుకి వచ్చేసరికి ఐ ప్లే, యూ ప్లే, వీ ప్లే, దే ప్లే. అన్నీ బోడిగానే ఉన్నాయి, ఒక్క హీ, షీ, ఇట్ దగ్గరే తోక. నాలుగుసార్లు తోక లేకుండా రాసిన చెయ్యి ఐదోసారి ఎందుకు ఆగుతుంది?

మా అమ్మాయి తప్పు ఇంకో రకం. "మై గ్రాండ్‌మదర్ లివ్ ఇన్ నెల్లూర్" అని రాసింది. ఎస్ ఏదే అంటే, "నానమ్మ ఉంటారు కదమ్మా, ఉంటుంది అనకూడదుగా" అంది. గౌరవం కోసం నానమ్మని బహువచనం చేసింది, బహువచనానికి ఎస్ రాదు! నాకు నవ్వాలో, మెచ్చుకోవాలో తెలియలేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ప్రాస వందసార్లు అనిపించాక అసలు ఇబ్బంది మొదలైంది. ఎదురింటివాడు "డజ్ హీ ప్లేస్ ఫుట్‌బాల్?" అని రాశాడు. ఆ కిందే "హీ కెన్ స్విమ్స్". మొన్నటి క్లాసు పరీక్షలో ఈ రెండిటికీ ఎర్ర గీతలే. ఇదేంట్రా అంటే, "హీ ఉందిగా ఆంటీ, ఎస్ ముస్ మిట్" అన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. మరి తప్పు వాడిదా, ప్రాసదా?

అందుకే అడుగుతున్నా. దీనికి తెలుగులో మంచి ప్రాస ఎవరైనా కట్టగలరా? మా అమ్మాయికి, నెల్లూరులో మా ఆడపడుచు పిల్లలకి పనికొస్తుంది. ఎస్ ఎప్పుడు రావాలో చెబితే చాలదు, ఎప్పుడు రాకూడదో కూడా అందులో ఉండాలి.

జవాబు – హైదరాబాద్ నుంచి

ట్రై చేశానండీ: "హీ, షీ, ఇట్ వెంట, ఎస్సు రావాలంట." వెంట అనేది మీ 'మిట్'కి సరిగ్గా సరిపోయింది చూడండి.

జవాబు – విజయవాడ నుంచి

ప్రాస బాగుంది బ్రదర్. కానీ 'రావాలంట' అనగానే ఎవరో చెబితే విన్నట్టుంది. గ్రామర్ రూలుకి పుకారు వాసన ఎందుకు? 'ముస్' అని గట్టిగా చెప్పిన చోట మనం 'అంట' అంటే పిల్లవాడు 'ఎవరన్నారంట?' అని అడుగుతాడు.

జవాబు – రాజమండ్రి నుంచి

నేను తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ప్రాస సంగతి కుర్రవాళ్ళు చూసుకుంటారు గాని, ఒక మాట. హీ, షీ, ఇట్ మూడింటినీ ఒకే గాటన కట్టడం మన పిల్లలకి కొత్త. తెలుగు క్రియ అలా పంచుకోదు. వాడు ఆడతాడు, ఆమె ఆడుతుంది, కుక్క ఆడుతుంది. ఏకవచనంలో షీ, ఇట్ ఒక జట్టు, హీ వేరు. బహువచనానికి వచ్చేసరికి ఆమె జట్టు మారుస్తుంది: వాళ్ళు ఆడతారు, ఆడవాళ్ళు ఆడతారు, కుక్కలు ఆడతాయి. మన వ్యాకరణాలు మహత్తు, అమహత్తు, మహతి అని పేర్లు పెట్టుకున్నది ఇందుకే. జర్మన్ పిల్లవాడికి ఈ బాధ లేదు. వాళ్ళ హీ, షీ, ఇట్ అయిన ఎర్, జీ, ఎస్ మూడింటికీ క్రియ చివర ఒకటే 'ట్' కదా అమ్మా?

మీ అమ్మాయి నానమ్మ విషయంలో చేసినది తప్పే అయినా, తెలుగు బాగా వచ్చిన పిల్ల చేసే తప్పు. మందలించవద్దు.

జవాబు – స్టుట్‌గార్ట్ నుంచి

అవును మాస్టారూ, మూడింటికీ ఒకటే. మందలించలేదండీ, వాళ్ళ నానమ్మకి ఫోన్ చేసి చెప్పా. ఆవిడ సంతోషానికి అంతు లేదు.

జవాబు – వియన్నా నుంచి

ఆ 'ట్' గురించి ఒక ముక్క. అదీ ఇంగ్లీషు ఎస్సూ ఒకే కుర్చీలో కూర్చున్నవి. పాత ఇంగ్లీషులో ఆ చోట ఎక్కువగా ఎస్ కాదు, 'ఎత్' ఉండేది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ తెరిస్తే కమెత్, గివెత్ అనే కనిపిస్తాయి. కమెత్ పక్కన జర్మన్ 'కొమ్ట్' పెట్టి చూడండి, అక్కాచెల్లెళ్ళని చెప్పక్కర్లేదు. ఎస్ ఇంగ్లండ్ ఉత్తరాది నుంచి మెల్లగా దక్షిణానికి పాకి, ఎత్‌ని లేపేసి ఆ కుర్చీలో కూర్చుంది.

మీ ఎదురింటి అబ్బాయికి పనికొచ్చే సంగతి ఇంకొకటి. 'హీ కెన్ స్విమ్స్' అన్నాడుగా. వాణ్ణి జర్మన్‌లో 'అతను ఈదగలడు' అనమనండి. 'ఎర్ కన్ ష్విమెన్' అంటాడు. 'కన్ట్' అనడు, 'ష్విమ్ట్' అనీ అనడు. అక్కడ 'ట్' ఎందుకు పెట్టలేదో అడగండి, వాడే ఆగిపోతాడు. కన్, ముస్ లాంటి క్రియల వర్తమాన రూపాలు ఒకప్పటి భూతకాల రూపాల నుంచి వచ్చాయి. భూతకాలంలో ఆ తోక ఉండదు. ఇంగ్లీషు కెన్, మస్ట్‌లదీ అదే వంశం. కన్‌కి ట్ లేదు, కెన్‌కి ఎస్ లేదు. వాడి భాషలోనే ఉన్న తాళంచెవి ఇది, కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆ మాటకొస్తే మీ ప్రాసలోనే ఉంది. 'దస్ ఎస్ ముస్ మిట్' అంటున్నాడు గాని 'ముస్ట్' అనడం లేదుగా!

జవాబు – స్టుట్‌గార్ట్ నుంచి

అయ్యో, రోజూ వింటున్నా నాకు తట్టలేదండీ. రేపే అడుగుతా.

జవాబు – బెంగళూరు నుంచి

టాపిక్ కాస్త పక్కకి పోతుందేమో, అయినా ఆగలేక అడుగుతున్నా. మొదటి లైన్లో 'ఆరేళ్ళ నుంచి ఉంటున్నాం' అన్నారు. దీన్ని ఇంగ్లీషులో పెట్టమంటే నేను ఇప్పటికీ 'సిన్స్ సిక్స్ ఇయర్స్' అనేస్తా. ఆఫీసులో మెయిల్ పంపాక గుర్తొస్తుంది. అక్కడి పిల్లలూ అంతేనా?

జవాబు – స్టుట్‌గార్ట్ నుంచి

అచ్చంగా అంతే. వాళ్ళకి 'జైట్' అనే మాట ఉంది. మూడేళ్ళ నుంచి అన్నా జైట్, 2019 నుంచి అన్నా జైట్. మన 'నుంచి' కూడా రెండు పనులూ చేస్తుందిగా. ఇంగ్లీషు మాత్రం మొదలైన క్షణానికి సిన్స్, గడిచిన కాలానికి ఫర్ అని విడగొట్టింది. దానికి తోడు మనమూ జర్మన్లూ 'ఉంటున్నాం' అని వర్తమానంలోనే అంటాం, ఇంగ్లీషు 'హ్యావ్ లివ్డ్' అనమంటుంది. అందుకే ఎదురింటివాడూ మా అమ్మాయీ 'ఐ లివ్ హియర్ సిన్స్ సిక్స్ ఇయర్స్' అని అక్షరం తేడా లేకుండా ఒకే తప్పు రాశారు. టీచరు చూస్తే కాపీ కొట్టారనుకుంటారు.

జవాబు – మ్యూనిక్ నుంచి

మా వాడిదీ వినండి. జర్మన్‌లో 'వేర్' అంటే ఎవరు, 'వో' అంటే ఎక్కడ. ఇంగ్లీషు వేర్, హూ చూడటానికి, వినడానికి వాటిలాగే ఉండి తారుమారుగా ఉంటాయి. ఐదో తరగతిలో మా వాడు లండన్ ట్రిప్పుకి ముందు ప్రాక్టీసు చేస్తూ 'హూ ఈజ్ ద టాయిలెట్?' అన్నాడు. నేనే అని చెప్పాలనిపించింది.

జవాబు – కాకినాడ నుంచి

నేను ఇక్కడ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్నండీ. మా పిల్లలు 'డజ్ హీ ప్లేస్?' దాకా రారు. 'హీ ప్లేస్ క్రికెట్టా?' అని చివర ఒక 'ఆ' తగిలిస్తారు. ఆడతాడు, ఆడతాడా అన్నట్టు. జర్మన్ పిల్లలు క్రియని ముందుకు లాగుతారు, మనవాళ్ళు చివర సాగదీస్తారు. ఈ 'డు, డజ్' అనేది ఇద్దరికీ లేని వస్తువే.

నేను క్లాసులో ఐదుగురిని నిలబెట్టి చెబుతా. ఒకడు హీ, ఒకడు ప్లే. ప్లే చేతిలో ఎస్ అని రాసిన అట్టముక్క. 'ప్రశ్న!' అనగానే డజ్ అనే పిల్ల పరుగెత్తుకొచ్చి ఆ అట్టముక్క లాక్కుని హీ ముందు నిలబడాలి. ప్లే చేతులు ఖాళీ. ఎస్ ఒక్కటే ఉంది కాబట్టి ఇద్దరి దగ్గరా ఉండే వీల్లేదు. మిగతా ఇద్దరు కెన్, మస్ట్. వాళ్ళొస్తే అట్టముక్క నా టేబుల్ మీదికి పోతుంది.

ప్రాస అడిగారుగా, ఇది చూడండి:

హీ, షీ, ఇట్టు — ఎస్సు పెట్టు.
డజ్జు వస్తే — తీసిపెట్టు.

జవాబు – విజయవాడ నుంచి

మేడమ్, దండం! ఇట్టు, పెట్టు. జర్మన్ వాడి ఇట్, మిట్ కన్నా ఒక ద్విత్వం ఎక్కువే పడింది.

జవాబు – వరంగల్ నుంచి

బాగుంది గానీ ఒక డౌట్. 'తీసెయ్' అనాలి కదా. 'తీసిపెట్టు' అంటే మా దగ్గర పక్కకు పెట్టి ఉంచు అని. 'బిర్యానీ అయిపోతది, నాకు కొంచెం తీసిపెట్టు' అన్నట్టు. ఇక్కడ ఎస్ పోవాలి కదా, ఉంచుడెందుకు?

జవాబు – కాకినాడ నుంచి

మా వైపూ అదే అర్థమండీ, కావాలనే వేశా. ఎస్ పోలేదు కదా. ప్లే దగ్గర తీసి డజ్‌లో పెట్టాం. 'తీసెయ్' అంటే పిల్లలు 'డు హీ ప్లే' అని రాస్తారు, పదేళ్ళ నుంచి చూస్తున్నా. ఎస్ ఎవరికోసమో తీసిపెట్టిన బిర్యానీ లాంటిదే. తినేది డజ్.

జవాబు – రాజమండ్రి నుంచి

'తీసి' అన్న క్త్వార్థకం, 'పెట్టు' అన్న క్రియ రెండూ వేటికవి పనిచేస్తున్నాయి. తీయడం ఒక చోట, పెట్టడం ఇంకో చోట. జర్మన్ పంక్తిలో ఈ సౌకర్యం లేదు. కానీ కెన్, మస్ట్ వస్తే ఎస్ ఎక్కడ పెట్టాలమ్మా? వాటికి పెట్టే చోటు లేదే.

జవాబు – కాకినాడ నుంచి

అందుకే టేబుల్ మీద పెడుతున్నానండీ మాస్టారూ. దానికి మూడో పాదం మీరే కట్టాలి.

జవాబు – స్టుట్‌గార్ట్ నుంచి

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం అట్టముక్క ఆట మా వంటింట్లో ఆడించా. డజ్ వేషం మా అమ్మాయిది, ప్లే వేషం ఎదురింటివాడిది. అట్టముక్క లాక్కుంటుంటే వాడు వదల్లేదు, రెండు ముక్కలైంది. "ఇప్పుడు ఇద్దరి దగ్గరా ఉందిగా ఆంటీ" అన్నాడు. టేపుతో అతికించి మళ్ళీ మొదలుపెట్టాం.

వియన్నా వారు చెప్పినట్టు 'ఎర్ కన్' గురించి కూడా అడిగా. కాసేపు గోడకేసి చూసి, "ముస్‌కి కూడా లేదు" అని తనంతట తనే అన్నాడు. హీ కెన్ స్విమ్స్‌లో చివరి ఎస్సుని వాడే కొట్టేశాడు.

తెలుగు ప్రాస వాడికీ నచ్చింది గానీ 'ట్టు' నోరు తిరగదు, "ఎస్సు పెతూ" అంటున్నాడు. మా అమ్మాయి వాడికి ఆ ఒక్క అక్షరం నేర్పే పనిలో ఉంది. మాస్టారూ, మూడో పాదం కోసం చూస్తుంటాం.