చీమకుర్తి దుమ్ముకీ పక్షవాతానికీ సంబంధం ఉందా?

ప్రశ్న: గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్కనే మా నాన్న టీకొట్టు, ఇరవై ఏళ్లుగా. పోయిన నెల మూతి వంకరపోయి, ఎడం చెయ్యి పడిపోయింది. బీపీ ఉంది. చుట్ట మానేసి పదేళ్లయింది. మరి ఈ దుమ్ము వల్లేనా?

ఒంగోలు నుంచి: దుమ్ము ఒక్కటే అనలేం గానీ, సంబంధం ఉంది అన్నా. కంటికి కనబడే దుమ్ము చాలావరకు ముక్కు, గొంతులోనే ఆగుతుంది. అసలు చిక్కు 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు నుసితో. డీజిల్ పొగలో ఉండేది అదే. ఊపిరితిత్తుల లోతుకి పోయి బీపీ పెంచుతుంది, రక్తం గడ్డకట్టే గుణాన్నీ పెంచుతుంది. గాలిలో దాని ఏడాది సగటు ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40!

కందుకూరు నుంచి: దుమ్ము సంగతి సరే, బీపీ మాత్ర వేసుకుంటున్నాడా? మా మామ మానేసే పడిపోయాడు.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే అమ్మనడిగా. ఉగాది నుంచి వేసుకోవట్లేదంట.