పొద్దున మంచుకి పిచ్చెక్కుతున్న పార్కింగ్ సెన్సర్: ఎక్కడ చూడాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఎలక్ట్రిక్ కారు కొని రెండేళ్లయింది. పది రోజుల నుంచి రివర్స్ వేస్తే చాలు, వెనక ఏమీ లేకపోయినా బీప్ ఆగడం లేదు. స్క్రీన్‌లో కుడి చివర ఎర్రగీత వెలుగుతోంది. ఒక్కోసారి సెన్సర్లు పనిచేయడం లేదని చూపించి మొత్తం మూగబోతోంది. మా ఇంటి ముందే పంటకాలువ. గట్టు మీద వెనక్కి తీస్తూ రెండడుగులు తప్పితే కారు నీళ్లలోనే, అదీ టెన్షన్.

బురదేమోనని తడిగుడ్డతో తుడిచాను. మధ్యాహ్నం ఎండకి బుద్ధిగా ఉంది, మర్నాడు పొద్దున మళ్లీ మొదలు. తమ్ముణ్ని లోపల కూర్చోబెట్టి, బ్రేకు నొక్కించి, పక్కన నిలబడి ఒక్కో సెన్సర్‌కి వేలు ఆనించాను. మూడింటికి టిక్ టిక్‌మని సన్నటి అదురు తెలుస్తోంది. కుడి చివరిది ఒకసారి కొడుతుంది, ఒకసారి లేదు. 12 వోల్టుల బ్యాటరీ మీటరుతో చూస్తే 12.6 ఉంది, అనుమానం దానిమీద లేదు.

సర్వీసు వాళ్లు కారు చూడకుండానే ఫోన్లో వైరింగంతా మార్చాలన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఎండకి సర్దుకుంటోందంటే కనెక్టర్‌లో చెమ్మ చేరి పిన్నులు చిలుం పట్టాయా? బంపర్ విప్పి, పక్క సెన్సర్‌తో దీన్ని తారుమారు చేస్తే తప్పు సెన్సర్‌దో తీగదో తేలుతుందా? నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్ల జోలికి ఎలాగూ పోను. ఇంకోటి, కొత్త సెన్సర్‌కి బంపర్ రంగు వేయిస్తే, పెయింటు మందమై మళ్లీ తప్పుగా మోగుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.