సికిల్ సెల్ గురించి హాస్టల్ పిల్లలకు ఎలా చెప్పాలి?

ఏజెన్సీ టీచర్:
పాడేరు వైపు ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో సైన్స్ చెబుతాను. పోయిన చలికాలం తొమ్మిదో తరగతి అమ్మాయి మోకాళ్లు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే క్లాసు ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తోంది అనుకున్నాం, నేనైతే పైకే అనేశాను. తీరా ఆసుపత్రికి తీసుకెళ్దామని ఆమె ట్రంకు పెట్టె తెరిస్తే బట్టల అడుగున సికిల్ సెల్ కార్డు, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బుది. ఎప్పుడో పరీక్ష చేసి ఇచ్చారట, అందులో ఏముందో ఆ పిల్లకే ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అందరికీ చెప్పాలని ఉంది, కానీ కార్డున్న పిల్లల్ని వేరుగా చూస్తారేమో, ఆడపిల్లలకు సంబంధాలు రావంటారేమో అని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొండ ఊళ్ల ఏఎన్ఎం:
మేడం, ముందు క్యారియర్ (అమ్మానాన్నల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు వచ్చినవాళ్లు) వేరు, జబ్బు వేరు అని చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది. 2023 జులైలో సికిల్ సెల్ జాతీయ మిషన్ మొదలైంది, గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేయాలని పెట్టుకున్నారు. కార్డులు వస్తున్నాయి, వాటిని చదివి చెప్పేవాళ్లే తక్కువ.
నేను చింతపిక్కలతో చెబుతాను. ఆటకు అరగదీస్తాం కదా, ఒకవైపు తెల్లగా ఒకవైపు నల్లగా, అలాంటివి రెండు. తెల్లవైపు అంటే సికిల్ జన్యువు. ఒకటి అమ్మ, ఒకటి నాన్న, ఇద్దరూ క్యారియర్లే. రెండూ వేస్తే రెండూ తెల్లగా పడటమే జబ్బు, నూటికి 25. ఒకటే తెల్లగా పడితే క్యారియర్. రెండూ నల్లవైతే ఏమీ లేదు. ప్రతి కాన్పుకూ మళ్లీ కొత్తగా వేయాల్సిందే. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు అని మగపిల్లలకు గట్టిగా చెప్పండి, మాట పడేది ఎప్పుడూ ఆడపిల్లే. క్లాసులో మాత్రం ఎవరి కార్డూ బయటపెట్టించొద్దు.

డిగ్రీ కుర్రాడు:
నాకు ఎస్ఎస్, అంటే ఇద్దరి నుంచీ వచ్చింది, జబ్బే. రోజూ హైడ్రాక్సీయూరియా మందు వేసుకుంటాను, నొప్పులు బాగా తగ్గాయి. హాస్టల్లో నన్ను కూడా నాటకాలన్నారు మేడం, ఇప్పటికీ మర్చిపోలేదు. మాకు మూత్రం ఎక్కువగా వస్తుంది, రాత్రి చలిలో బయటికి వెళ్లడానికి భయపడి సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవాణ్ణి. నీళ్లు తగ్గినా, తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకున్నా ఎముకల లోపల నొప్పి మొదలయ్యేది. అందుకే క్లాసులో నీళ్ల సీసా పెట్టుకోనివ్వండి, బాత్రూంకి అడిగితే వెంటనే పంపండి, స్నానానికి వేడినీళ్లు ఇప్పించండి. జ్వరం వస్తే మాత్రం రేపు చూద్దాం అనొద్దు, అదే రోజు ఆసుపత్రికి. బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కూడా డాక్టర్ని అడిగాకే, మాకు రక్తం తగ్గేది ముఖ్యంగా ఐరన్ లేక కాదు, ఎర్రకణాలు తొందరగా చచ్చిపోవడం వల్ల.

ఏజెన్సీ టీచర్:
తమ్ముడూ, నీ మాటలు చదివి ఆ పిల్లను పిలిచి మాట్లాడాను, ముందు క్షమించమని అడిగాను. తను కూడా రాత్రిళ్లు నీళ్లు తాగట్లేదట. ఇవాళ్టి నుంచి బాత్రూంకి వెళ్లేటప్పుడు తోడు పడుకునే అమ్మాయిని లేపుకోమని చెప్పాను. అక్కా, చింతపిక్కలు అరగదీయడం పిల్లలే మొదలుపెట్టారు.