దాచుకోవడానికి 993నా, 996నా?

నీలంబాక్సర్: పోర్షే 911 కోసం ఆరేళ్లుగా డబ్బు వెనకేస్తున్నాను, ఉండేది డల్లాస్‌లో. గాలితో చల్లబడే చివరి 911 తరమైన 993 (1998తో ఆగిపోయింది) నాకు అందేలా లేదు. దాని తర్వాత నీళ్లతో చల్లబడే ఇంజన్‌తో వచ్చిన 996 అందుతుంది. కలెక్షన్‌కి పనికొస్తుందా?

ఫ్లాట్‌సిక్స్: పనికిరాదు తమ్ముడూ. 911 అంటే గుండ్రటి కళ్లు. 996కి పోర్షేలోనే చవక కారైన బాక్‌స్టర్ హెడ్‌లైట్లు తెచ్చి పెట్టారు. పైగా ఇంజన్ లోపలుండే ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ పోతే ఇంజన్ మొత్తం పోయినట్టే.

స్టుట్‌గార్ట్‌వాసి: ఆ బేరింగ్ మాట ఎత్తకుండా 996 గురించి ఎవరూ మాట్లాడరా అన్నా? క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు, అప్పుడే బేరింగ్ కూడా వేయించుకోవాలి. నేను అదే చేశాను. 996లోనే ఖరీదైన రకాలు టర్బో, జీటీ3ల్లో మెట్జ్‌గర్ అనే వేరే డిజైన్ ఇంజన్, వాటికి ఈ బాధే లేదు.

ఫ్లాట్‌సిక్స్: అతనికి టర్బో కొనే డబ్బుంటే 993 అందదని ఎందుకంటాడు?

రెంచి07: హెడ్‌లైట్లు 2002 మోడల్‌కి మార్చేశారుగా.

ఫ్లాట్‌సిక్స్: మార్చారంటేనే తప్పు ఒప్పుకున్నట్టు.

స్టుట్‌గార్ట్‌వాసి: మళ్లీ హెడ్‌లైట్లేనా! 993కి రోగాలు లేవా? వాల్వ్ గైడ్లు అరిగి, పొగలో కాలుష్యం తగ్గించడానికి గాలి పంపే సెకండరీ ఎయిర్ దారులు మసితో మూసుకుపోయి చెక్ ఇంజన్ లైటు వెలిగితే ఖర్చు ఎంతవుతుందో అమెరికాలో ఉన్న మీకే బాగా తెలియాలి. మొదట్లో దానికి 272 హార్స్‌పవర్, 996కి 300.

ఫ్లాట్‌సిక్స్: నువ్వెప్పుడైనా 993 నడిపావా? తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు ఠక్కుమంటుంది, వెనక ఫ్యాన్ హోరు వీపుకి తగులుతుంది.

స్టుట్‌గార్ట్‌వాసి: తలుపు చప్పుడుకి అంత డబ్బు పోయమంటారా?

ఫ్లాట్‌సిక్స్: నా దగ్గర ఉండేది, అందుకే చెప్తున్నా. 2009లో ఉద్యోగం పోయింది, హెచ్1బీ మీద ఉన్నాను, ఎప్పుడు ఇండియా వెళ్లిపోవాల్సి వస్తుందోనని ఒకటే టెన్షన్, వచ్చినతను అడిగిన ధరకే ఇచ్చేశాను. ఆ డబ్బుకి ఇవాళ మంచి 996 వస్తే గొప్ప. ఇంకో మూడేళ్లు ఆగి కావలసిందే కొనుక్కో తమ్ముడూ, సర్దుకోకు.

స్టుట్‌గార్ట్‌వాసి: అదీ అసలు సంగతి, ఇందాకటి నుంచీ హెడ్‌లైట్లంటారేంటి! మీకు జరిగింది విని నిజంగా బాధేసింది. కానీ ఆగమనడం మాత్రం నేను ఒప్పుకోను. మూడేళ్లలో 993 ఇంకా పైకి పోతే? ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లోనే ఉంటున్నా, ఇక్కడ 993లు ఎక్కువగా కవర్ల కిందే కనిపిస్తాయి. నా 996తో ప్రతి ఆదివారం ష్వేబియన్ ఆల్బ్ కొండలెక్కుతాను, వాన పడినా సరే. కొన్నది నడపడానికి.

ఫ్లాట్‌సిక్స్: నేనూ నడిపినవాడినే. కవర్ కప్పమని అనలేదు.

నీలంబాక్సర్: శనివారం 2002 మోడల్ ఒకటి చూడటానికి వెళ్తున్నాను. బేరింగ్ మార్చిన బిల్లు ఉందంటున్నారు.

ఫ్లాట్‌సిక్స్: నువ్వు వెళ్లేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పు, చల్లగా ఉన్నప్పుడే శబ్దం వినాలి. ఆయిల్ ఫిల్టర్ విప్పించి ఇనప రజను ఉందేమో చూడు. ఫొటో తీసి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.